పన్నెండేళ్ల లీకేజీ

మా న్యాయ కళాశాల గ్రంథాలయంలో పదకొండు వేల నాలుగు వందల పుస్తకాలున్నాయి. పరీక్షలకు పదిహేను రోజుల ముందు మాత్రం ఒక్కటే ఉంటుంది. అది పాత ప్రశ్నపత్రాల బైండు.

ఆ బైండు నా చేత్తో నేను కుట్టినది. ప్రతి ఏడాదీ పరీక్షలవగానే మిగిలిపోయిన ప్రశ్నపత్రాలు తెచ్చి, పాతవాటికి చేర్చి, మైదా జిగురుతో అట్ట అంటించి, పైన ఆకుపచ్చ గుడ్డ వేస్తాను. పన్నెండేళ్లుగా వేస్తున్నాను. గొప్ప గొప్ప న్యాయకోవిదులు రాసిన ఉద్గ్రంథాలు అలమరాల్లో నిలబడి చూస్తూ ఉంటే, విద్యార్థులు ఈ ఒక్క బైండు కోసం జుట్లు పట్టుకునేవారు. నాకు ఒళ్లు మండేది. "పుస్తకాలు చదవండర్రా" అంటే, "ముందు ఏం అడుగుతారో తెలియాలి కద సార్" అనేవారు.

లెంక హైమవతి ఒక్కతే రెండూ చదివేది. పొద్దున్నంతా కోర్టు ఎదురుగా నోటరీ గారి దగ్గర దస్తావేజులు టైపు చేసి, రెండింటికి లైబ్రరీకి వచ్చి, ఫ్యాను కింద చోటు వదిలేసి వెలుతురు బాగా పడే మూల కూర్చునేది. ముందు బైండు తీసి, ఏ ప్రశ్న ఏ ఏడాది వచ్చిందో గళ్లు గీసి రాసుకునేది. తర్వాత దాని జవాబు ఏ పుస్తకంలో ఉందో వెతుక్కునేది. దొరక్కపోతే నన్ను అడిగేది. ఇరవై ఆరేళ్ల నా ఉద్యోగంలో లైబ్రేరియన్‌ని లైబ్రేరియన్ పని అడిగిన మనిషి ఆ అమ్మాయే.

అది ఆమెకు ఆఖరి సెమిస్టరు. పాసై, జూలై నెలాఖరులోగా న్యాయవాదిగా పేరు నమోదు చేయించుకుంటే తన ఆఫీసులో జూనియర్‌గా చేర్చుకుంటానని ఊళ్లో పేరున్న లాయరమ్మ ఒకావిడ మాటిచ్చింది. గడువు దాటితే ఆ కుర్చీ ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఈ సంగతి హైమవతి నాకు మూడు సార్లు చెప్పింది. మూడుసార్లూ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టి మరీ చెప్పింది.

సాక్ష్య చట్టం పరీక్షకు ముందు రోజు ఆమె తన గళ్ల కాగితాన్ని లైబ్రరీ నోటీసు బోర్డుకు గుచ్చింది. పైన "ఈసారి రావచ్చు" అని, కింద పది ప్రశ్నలు. బైండు కోసం తోటివాళ్లు కొట్టుకోకుండా ఉంటారని ఆమె ఉద్దేశం. మర్నాడు ప్రశ్నపత్రంలో పదికి తొమ్మిది అవే వచ్చాయి. వరసతో సహా.

ఎవడో పుణ్యాత్ముడు ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి ఊరంతా పంచాడు. సాయంత్రానికి లోకల్ చానెల్లో "లా కాలేజీలో లీకేజీ" అని అక్షరాలు పరుగెత్తాయి.

మా కళాశాలకు స్వయంప్రతిపత్తి ఉంది. అంటే ప్రశ్నలు మేమే వేసుకుంటాం, జవాబులు మేమే దిద్దుకుంటాం, తప్పు జరిగితే విచారణ కూడా మేమే జరుపుకుంటాం. మర్నాడే ప్రశ్నపత్రాల లీకేజీ నిరోధక స్థాయీ సంఘం ఏర్పాటైంది. అధ్యక్షులు ప్రిన్సిపాల్ డాక్టర్ సర్వోత్తమం గారు. సభ్యులు ఇద్దరు: ఆ ప్రశ్నపత్రం తయారుచేసిన ప్రొఫెసర్ సోమయాజులు గారు, మా విజిలెన్స్ అధికారి వీరభద్రరాజు గారు. రాజు గారు పోలీసు శాఖలో డీఎస్పీగా రిటైరయ్యారు. శాఖ ఆయన్ని వదిలింది గాని ఆయన శాఖను వదల్లేదు.

"ఇది సంస్థ ప్రతిష్ఠకు సంబంధించిన అంశం" అని ప్రిన్సిపాల్ గారు ప్రారంభించారు. "సహజ న్యాయ సూత్రాలను తుచ తప్పకుండా పాటిస్తూ, ఈ అమ్మాయి నేరం చేసిందని నిరూపిద్దాం."

హైమవతిని లోపలికి పిలిచారు. సాక్షిగా నన్నూ పిలిచారు.

"ఈ ప్రశ్నలొస్తాయని మీకెలా తెలిసింది?" అని అడిగారు రాజు గారు.

"చదివేనండి."

"ఎక్కడ చదివారు?"

"లైబ్రరీలోనండి."

రాజు గారు నోటు పుస్తకం తీసి "నిందితురాలు నేరాన్ని అంగీకరించింది, నేరస్థలం కూడా చూపించింది" అని రాసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఆ ప్రశ్నపత్రాలు ఎవరెవరికి ఇచ్చారు?"

"అడిగినవాళ్లందరికీ ఇచ్చానండి."

"ఎన్నాళ్లుగా?"

"పన్నెండేళ్లుగా."

"పన్నెండేళ్ల లీకేజీ!" అన్నారు ప్రిన్సిపాల్ గారు నీరసంగా.

"అవి జరిగిపోయిన పరీక్షల పేపర్లు కదండీ" అన్నాను.

రాజు గారు జాలిగా నవ్వారు. "లైబ్రేరియన్ గారూ, లీకేజీ అంటే ఏమిటి? పరీక్షకు ముందు ప్రశ్న బయటికి రావడం. ఈ ప్రశ్న ఈ ఏటి పరీక్షకు ఎప్పుడు బయటికొచ్చింది? ఏడాది ముందు. గంట ముందొస్తేనే కేసు పెడతాం. ఏడాది ముందొస్తే ఇంకెంత నేరం?"

న్యాయశాస్త్రంలో డాక్టరేట్లున్న ఇద్దరూ తల ఊపారు. నేను లైబ్రరీ సైన్సు చదివినవాణ్ని, నాకేం తెలుసు? నేనూ ఊపాను. అలా ఊపినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

పరీక్ష రద్దు చేశారు. అందరికీ మళ్లీ పెడతామన్నారు. హైమవతిని తుది నిర్ణయానికి లోబడి రాయనిస్తామన్నారు గాని, విచారణ తేలేదాకా ఆమె ఫలితం ఆపేస్తామన్నారు. ఆకుపచ్చ బైండును, బోర్డు మీది కాగితాన్ని, రద్దయిన ప్రశ్నపత్రాల ప్రతులన్నిటినీ రాజు గారు గుడ్డలో చుట్టి, లక్క వేసి, ఇనప బీరువాలో పెట్టి తాళం జేబులో వేసుకున్నారు.

అంతటితో ఆగితే అది మా కళాశాల ఎందుకవుతుంది? ప్రశ్నలు దాస్తే సరిపోదని రాజు గారికి రెండో రోజునే తట్టింది. పాఠ్యపుస్తకాల్లో జవాబులున్నాయి. జవాబు తెలిసినవాడు ప్రశ్న ఊహించగలడు. పైగా కొన్ని పుస్తకాల్లో పెన్సిలు గీతలు కూడా ఉన్నాయి. మూడో రోజున లైబ్రరీ అలమరాలున్న గది తలుపుకు అడ్డంగా గుడ్డ పట్టీ వేసి లక్క ముద్ర కొట్టారు. రీడింగ్ హాలు మాత్రం నిబంధనల ప్రకారం తెరిచే ఉంచాలి కాబట్టి తెరిచే ఉంచారు. విద్యార్థులు సంచులు బయట పెట్టి, జేబులు చూపించి, లోపలికొచ్చి ఖాళీ బల్లల ముందు కూర్చోవచ్చు. చాలామంది వచ్చేవారు, ఫ్యాన్లున్నాయి కదా.

అటెండరు పైడయ్య గుమ్మంలో నిలబడి ఈ వైభవమంతా చూశాడు. "ఏటి బాబూ ఇది? పుస్తకాలు నేని సోట సదూకోమంటన్నారు. అన్నం నేని ఇస్తరేసి కూకోబెట్టినట్టుంది" అన్నాడు.

"నోరు మూసుకో" అన్నాను. ఎనిమిది నెలల్లో రిటైరయ్యే నాలాంటి మనిషి ఇంకేమంటాడు?

ఆ వారంలో యూనివర్సిటీ నుంచి వచ్చిన తనిఖీ బృందం మాత్రం చాలా సంతోషించింది. ఇంత నిశ్శబ్దంగా, ఇంత శుభ్రంగా ఉన్న పఠన మందిరాన్ని తాము ఎక్కడా చూడలేదని రాసి సంతకాలు పెట్టి వెళ్లింది. ఆ కాగితం ప్రిన్సిపాల్ గారికి కొత్త ఉత్సాహం ఇచ్చింది. సిలబస్ అన్నది పరీక్షలో ఏం వస్తుందో ముందుగా చెప్పేస్తున్న పత్రమని ఆయన సొంతంగా కనిపెట్టారు. దాన్ని గోప్య పత్రాల్లో చేర్చి, గోడల మీంచి చింపించారు.

ఇక మిగిలింది పాఠాలు. "తరగతిలో చెప్పిన విషయమే పరీక్షలో వస్తే అది మౌఖిక లీకేజీ కిందికి వస్తుంది. కావున బోధనా సిబ్బంది పరీక్షకు సంబంధించిన విషయాలను తరగతి గదుల్లో ప్రస్తావించరాదు" అని సర్క్యులర్ వచ్చింది. మా బోధనా సిబ్బందికి అంత తేలిగ్గా పాటించగలిగిన సర్క్యులర్ అంతకు ముందెప్పుడూ రాలేదు. ఇద్దరు ముగ్గురైతే పదేళ్లుగా పాటిస్తూనే ఉన్నామని లిఖితపూర్వకంగా తెలియజేశారు.

ఈ సందడిలో జూన్ నెల సగం గడిచింది. హైమవతి రోజూ రెండింటికి వచ్చి, వెలుతురున్న మూలే కూర్చుని, ఖాళీ బల్ల మీద చేతులు పెట్టుకుని పెదాలు కదుపుతూ ఉండేది. చదివినదాన్ని మళ్లీ గుర్తు చేసుకుంటోందని నాకు తెలుసు. రాజు గారు ఒకసారి వచ్చి చూసి "ఏం చేస్తున్నారు?" అన్నారు.

"ఏటీ లేదండి. అనుకుంటన్నాను."

రాజు గారు చాలాసేపు ఆలోచించారు. అనుకోవడాన్ని నిషేధించే అధికారం తమకు ఉందో లేదో ప్రిన్సిపాల్ గారిని అడుగుతానని వెళ్లిపోయారు.

మళ్లీ పెట్టబోయే పరీక్షకు ఆరు రోజుల ముందు సోమయాజులు గారు నా గదిలోకి వచ్చారు. వచ్చి, తలుపు వేశారు. ఆయన నా గదికి రావడం కొత్త కాదు. ఏటా మార్చిలో వచ్చి, ఒక పూట బైండు పట్టుకెళ్లి, సాయంత్రానికి తిరిగి ఇచ్చేవారు. అన్నేళ్లలో ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ప్రొఫెసరు గారు పుస్తకం తీసుకెళ్లడమే నాకు పండగ.

"ఏమండీ, ఆ బైండు..." అన్నారు గొంతు తగ్గించి. "ఒక్క గంట చాలు."

"రాజు గారి బీరువాలో ఉంది కదండీ. మీరు సంఘంలో సభ్యులే, అడగండి."

"అడిగాను. దర్యాప్తు ముగిసేదాకా దేవుడు దిగొచ్చినా తీయనన్నారు." ఆయన కుర్చీలో కూలబడ్డారు. "అది లేకుండా పేపరెలా తయారు చేసేదండీ?"

నాకు అప్పటికి వెలిగింది. పాత చట్టం పోయి కొత్త చట్టం వచ్చినప్పుడు కూడా ప్రశ్నలు మారకపోవడం, చట్టం పేరున్న చోట మాత్రం కొత్త పేరు పడటం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. "కొత్తవి రాయచ్చు కదండీ" అన్నాను.

ఆయన నన్ను దొంగతనం చెయ్యమన్నట్టు చూశారు. "మూడు రోజుల నుంచి కూర్చున్నాను. 'మరణ వాంగ్మూలం అనగానేమి' దగ్గరే ఆగిపోయాను. రెండో ప్రశ్న రావడం లేదు."

మర్నాడు సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పరీక్ష మళ్లీ వాయిదా వేస్తే చానెల్ వాళ్లు ఊరుకోరు. బీరువా తీస్తే సాక్ష్యం చెడిపోతుంది. ప్రిన్సిపాల్ గారు తల పట్టుకుని, "అసలు ఆ ప్రశ్నలు ఎవరికైనా నోటికి వచ్చా?" అన్నారు. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ ప్రశ్నలు నోటికి వచ్చిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది.

హైమవతిని కబురు పెట్టి పిలిపించారు. చేతికి కాగితం, కలం ఇచ్చారు.

"సంస్థ ప్రయోజనాల దృష్ట్యా మీరు ఆ ప్రశ్నలను జ్ఞాపకం చేసుకుని రాసి, సీలు చేసిన కవరులో సమర్పించవలసిందిగా సంఘం ఆదేశిస్తోంది" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఆ అమ్మాయి తెల్లబోయింది. "నేను కూడా పరీక్ష రాయాలి కదండీ?"

"తప్పకుండా రాయాలి. అయితే అభ్యర్థిగా మీరు ఈ ప్రశ్నలు ముందుగా తెలుసుకోకూడదు."

"మరి రాసేది నేనే కదండీ."

రాజు గారికి ఇలాంటి చిక్కులు కొత్త కాదు. ఆయన అప్పటికే ఒక హామీ పత్రం టైపు చేయించి పెట్టారు. "ఈ ప్రశ్నలను నేను రాసిన వెంటనే పూర్తిగా మరచిపోగలనని, పరీక్ష ముగిసేవరకు జ్ఞాపకం చేసుకోనని ఇందుమూలంగా ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను" అని ఉంది. కింద హైమవతి సంతకం పెట్టింది. ఆమె మరచిపోయినట్టు సాక్షి సంతకం నాచేత పెట్టించారు.

తొమ్మిది ప్రశ్నలు గబగబా రాసేసి ఆమె ఆగింది. "పదోది అప్పుడూ నేను తప్పే ఊహించేనండి. సమస్య ఇచ్చి తీర్పు చెప్పమనే ప్రశ్న. గుర్తు రావడం లేదు."

"ఏదో ఒకటి రాసెయ్యమ్మా" అన్నారు సోమయాజులు గారు ప్రాణం లేచొచ్చి.

ఆమె ఒక నిమిషం కిటికీ వైపు చూసి రాసింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చదివాను. "'క' అనే విద్యార్థిని గ్రంథాలయంలో అందరికీ అందుబాటులో ఉన్న పాత ప్రశ్నపత్రాలు చదివి, రాబోయే ప్రశ్నలు ఊహించింది. 'ఖ' అనే ప్రొఫెసరు ఆ పాత ప్రశ్నలనే మళ్లీ ఇచ్చారు. 'క' ప్రశ్నపత్రాన్ని లీకు చేసిందని ఆరోపణ. సాక్ష్యాధారాలను బట్టి తీర్పు చెప్పండి."

నేను సోమయాజులు గారి వైపు చూశాను. ఆయన ప్రశ్నల సంఖ్య లెక్కపెట్టి, మార్కులు కూడి, కవరుకు నాలుక తడి అద్దారు. ఆయన చాలా ఏళ్లుగా ప్రశ్నలు లెక్కపెడుతున్నారే గాని చదవడం లేదు. నేను నోరు విప్పలేదు. ఈసారి నోరు విప్పనందుకు నాకేం సిగ్గులేదు.

పరీక్ష జరిగింది. జవాబుల కీ తయారుచేయడానికి కూర్చున్నప్పుడు సోమయాజులు గారికి మళ్లీ కష్టం వచ్చింది. తొమ్మిదింటికి పాత కీ ఆయన ఇంట్లోనే ఉంది. పదోదానికి లేదు. పుస్తకాలకు సీలు. గత్యంతరం లేక ఆయన సొంతంగా ఆలోచించారు. నిజానికి ఆయన చట్టం బాగా తెలిసిన మనిషి. అవసరం పడక వాడలేదు. రెండు పేజీల తీర్పు రాశారు: అందరికీ తెరిచి ఉన్న గ్రంథాలయంలో చదవడం నేరం కాదు, చదవడానికే గ్రంథాలయం ఉంది, ఊహించడానికి తెలివి కావాలి గాని నేరబుద్ధి అక్కర్లేదు, ఈ వ్యవహారంలో లోపమంటూ ఉంటే అది 'ఖ'ది, 'క' నిర్దోషి. ప్రిన్సిపాల్ గారు ఆమోద ముద్ర వేశారు. అభ్యంతరాలుంటే మూడు రోజుల్లో తెలపాలని, ఆనవాయితీ ప్రకారం కీని నోటీసు బోర్డులో పెట్టారు.

జూలై ఇరవయ్యో తేదీన ఫలితాలొచ్చాయి. ఎనభై ముగ్గురు రాశారు. 'క' నిర్దోషి అని రాసిన ఎనభై రెండు మంది పాసయ్యారు. ఎనభై మూడో పేరు పక్కన "నిలిపివేయబడినది" అని ఉంది.

ఇరవై తొమ్మిదో తేదీన తుది విచారణ. హైమవతి ఆ కీని చేత్తో కాపీ చేసుకుని, తన వాంగ్మూలానికి జత చేసి ఇచ్చింది. ప్రిన్సిపాల్ గారు దాన్ని సోమయాజులు గారికి అందించి చదవమన్నారు. ఆయన తన రాతే కాబట్టి గట్టిగా, ధాటిగా మొదలుపెట్టారు. రెండో పేజీలో 'ఖ' దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గింది. తర్వాత ఆగిపోయింది.

"ఈ కీ మీకెలా దొరికింది?" అని రాజు గారు గర్జించారు.

"నోటీసు బోర్డు మీద చదివేనండి."

"చదివారా! మళ్లీ చదివారా!" ఆయన ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగారు. "సార్, అలవాటైన చెయ్యి. నోటీసు బోర్డుకు కూడా సీలు వేయాలి."

"అది తర్వాత చూద్దాం" అన్నారు ప్రిన్సిపాల్ గారు చెమట తుడుచుకుంటూ. "కీ మీద నా సంతకం ఉంది. 'క' నిర్దోషి అని నేను అంగీకరించానే."

"'క' కదా సార్ నిర్దోషి" అన్నారు రాజు గారు తొణక్కుండా. "ఈమె పేరు హైమవతి. 'క' కావాలంటే హాజరై విడుదల కోరవచ్చు."

అప్పుడు ఆ అమ్మాయికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కోపంగా అంది, "ఎల్లుండితో గడువు అయిపోద్దండి నాకు! మూడేళ్లు టైపు కొట్టి చదివేను. ఎవరి పేపరూ ఎత్తుకెళ్లలేదు. మీరు పెట్టిన పుస్తకం మీరు పెట్టిన బల్ల మీద కూర్చొని చదివేను. అదొక్కటే నేను చేసింది. చదవకూడదంటే ఆ గది కట్టడం దేనికండీ?"

సోమయాజులు గారు నెమ్మదిగా లేచి నిలబడ్డారు.

"'ఖ'ను నేనే" అన్నారు. "పన్నెండేళ్లుగా ఆ బైండులోంచే పేపర్లు తీసి ఇస్తున్నాను. లీకు చేసినవాణ్ని నేను. ఈ అమ్మాయే 'క'. రాసుకోండి రాజు గారూ."

రాజు గారు రాసుకున్నారు. ఒప్పుకోలు ఎవరిదైనా ఆయనకు ఒకటే.

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు వెలువడింది. "ప్రొఫెసర్ సోమయాజులు అనబడే 'ఖ' ఇచ్చిన ధ్రువీకరణను పరిగణనలోకి తీసుకుని, లెంక హైమవతి అనబడే 'క' నిర్దోషిగా ఎంచబడినందున, ఆమె ఫలితం విడుదల చేయడమైనది." మార్కుల జాబితాలో పేరున్న చోట "క అలియాస్ లెంక హైమవతి" అని పడింది. దిద్దించుకోవాలంటే ఆరు వారాలు పడుతుందన్నారు. ఆమె దిద్దించుకోలేదు. ఆ కాగితంతోనే బస్సెక్కి వెళ్లి, నమోదు చేసే గుమాస్తా అడిగినదానికల్లా అఫిడవిట్లు ఇచ్చి, ముప్ఫై ఒకటో తేదీ సాయంత్రం నాలుగున్నరకు న్యాయవాది అయింది.

లైబ్రరీ సీలు మాత్రం తీయలేదు. నేరం చేసిన ప్రొఫెసరు దొరికాడు కాబట్టి, ఆయనకు సహకరించిన గది మీద దర్యాప్తు కొనసాగుతుందని రాజు గారు రాశారు. సోమయాజులు గారిని పేపర్ల పని నుంచి తప్పించి, పాఠాలు చెప్పమని శిక్షించారు.

ఆగస్టు రెండో వారంలో హైమవతి నల్ల కోటు వేసుకుని వచ్చింది. ఆ కోటు భుజాల దగ్గర కాస్త వదులుగా ఉంది. నేను అప్పటికే నిర్ణయించుకున్నాను. ఉద్యోగం ఆర్నెల్లే ఉంది, ఏం చేస్తారో చేసుకోనీ అని, గ్రంథాలయం తెరిపించమని కోర్టులో పిటిషన్ వేయడానికి వకాలతు మీద సంతకం పెట్టాను. ఆ అమ్మాయికి అదే మొదటి కేసు. ఇద్దరం ఖాళీ రీడింగ్ హాల్లో ఆమె మూలే కూర్చున్నాం.

"సార్, మూసేసిన లైబ్రరీ తెరిపించమని పెద్ద కోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుండాలండి. మన దగ్గరుందా?" అంది కలం మూత తీస్తూ.

"ఎందుకు లేదమ్మా! మూడో అలమర, పై అర, ఎడమ నుంచి ఆరో పుస్తకం. నల్ల అట్ట, వెనక కొంచెం చెదలు. విషయసూచికలో కనిపిస్తుంది" అన్నాను గర్వంగా.

ఆమె తలుపు మీది లక్క ముద్ర వైపు ఒకసారి చూసి, కాగితం ముందుకు జరుపుకుంది. "పోనీ మీరు చెప్పండి సార్, నేను రాసుకుంటాను. అందులో ఏముందండీ?"

ఇరవై ఆరేళ్లుగా ఆ పుస్తకానికి దుమ్ము దులిపిస్తున్నాను. అందులో ఏముందో నాకు తెలియదు.